మనవాళ్లు జైల్లో ఉన్నప్పుడు క్రిస్మస్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా తమ్ముడు ఒక కేసులో రిమాండ్‌లో ఉండి రెండు క్రిస్మస్‌లు లోపలే గడిపాడు. వాడు బయటికి వచ్చాక మా సంఘం వాళ్లతో కలిసి ప్రతి డిసెంబర్లో నేనూ జైలుకి వెళ్తున్నాను. గేటు బయట చెట్టు కింద కూర్చున్న ఆడవాళ్లు ఏటా అవే సందేహాలు అడుగుతారు. చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు. అందుకే ఇవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్లండి. ఒక్క మాట: జైళ్లు రాష్ట్ర ప్రభుత్వాల కింద ఉంటాయి, రూల్స్ రాష్ట్రానికీ జైలుకీ మారతాయి. గేటు దగ్గర బోర్డు మీద ఏం రాసి ఉందో అదే చివరి మాట.

## పండగకి ముందు

డిసెంబర్ 25న ములాఖత్ ఉంటుందా? ఆ రోజే చూడాలని ఉంది.

చాలా జైళ్లలో ప్రభుత్వ సెలవు రోజుల్లో ములాఖత్ ఉండదు. 25 సెలవు. ఆ రోజు కేకు డబ్బా పట్టుకుని గేటు దాకా వచ్చి, సెంట్రీతో మాట్లాడి, ఏడుస్తూ బస్సెక్కే తల్లుల్ని ఏటా చూస్తున్నాను. డిసెంబర్ మొదటి వారంలోనే జైలుకి వెళ్లి, పండగ వారంలో ఏ రోజులు ఇస్తారో అడిగి రాసుకోండి. ఈ-ములాఖత్ పోర్టల్‌లో ముందుగా పేరు నమోదు చేసుకునే వీలుంది. నెట్ సెంటర్ అబ్బాయి చేసిపెడతాడు. ఆధార్ మాత్రం మరిచిపోవద్దు. 22నో 23నో దొరికితే అదే మీ క్రిస్మస్ అనుకుని, ఆ రోజు కొత్త చీర కట్టుకుని వెళ్లండి. వాళ్లు గమనిస్తారు.

కేకు, బిర్యానీ పంపొచ్చా?

ఇంట్లో వండింది లోపలికి పోనివ్వరనే అనుకోండి. ఎవరైనా అందులో ఏదైనా కలిపితే బాధ్యత జైలుదే అవుతుంది కాబట్టి వాళ్ల భయం వాళ్లది. కొన్నిచోట్ల పండ్లు, సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్లు తీసుకుంటారు. కొన్నిచోట్ల అవి కూడా లోపలి క్యాంటీన్‌లోనే కొనుక్కోమంటారు. కేకు సంగతికొస్తే, మా తమ్ముడి బ్యారక్‌లో నాలుగు ప్యాకెట్ల బిస్కెట్లు పొడి చేసి, టీలో కలిపి, స్టీలు ప్లేటులో అద్ది, దాన్ని కేకు అన్నారట. కోయడానికి చాకు ఉండదు కదా, స్పూనుతో కోశారు. ఇప్పటికీ వాడికి బేకరీ కేకు పెడితే, 'ఆ రుచి లేదక్కా' అని నన్ను ఏడిపిస్తుంటాడు.

కొత్త బట్టలు ఇవ్వొచ్చా?

శిక్ష పడినవాళ్లకు జైలు యూనిఫాం ఉంటుంది, కొత్త బట్టలు కుదరవు. రిమాండ్‌లో ఉన్నవాళ్లు సొంత బట్టలు వేసుకోవచ్చు. బెల్టు, నాడా, పొడుగు తాడు ఉన్నవి తీసుకోరు. ప్యాంటుకైనా పైజమాకైనా ఎలాస్టిక్ ఉండేలా చూడండి. మెరిసే చొక్కా కంటే లోపల వేసుకునే మందపాటి బనియను, ఒక దుప్పటి, మేజోళ్లు మేలు. జైలు నేల డిసెంబర్లో ఐసులా ఉంటుంది. పౌలు రోమాలో చెరలో ఉండి తిమోతికి రాసిన రెండో పత్రికలో, చలికాలం రాకముందే రమ్మంటాడు. త్రోయలో వదిలి వచ్చిన అంగీని, పుస్తకాల్ని తెమ్మంటాడు. అంత పెద్ద అపొస్తలుడికీ చలి వేసింది. కాబట్టి, 'ఏం కావాలి?' అంటే మీవాడు 'దుప్పటి' అన్నాడని చిన్నబుచ్చుకోకండి.

బైబిల్ పంపితే ఇస్తారా? ఎలాంటిది కొనాలి?

ఇస్తారు, కానీ ముందు గేటు దగ్గర పేజీ పేజీ తిప్పి చూస్తారు. జిప్పు కవరు, తోలు అట్ట ఉన్నది కొనకండి. పల్చటి అట్టది తీసుకోండి. లోపల ఫోన్ నంబర్లు, డబ్బు నోట్లు, ఫొటోల వెనక రాతలు లేకుండా చూడండి. కళ్లద్దాలు వాడేవాళ్లయితే పెద్దక్షరాలది కొనండి. బ్యారక్‌లో లైటు ఎక్కడో పైన ఉంటుంది, దాని కింద చదవాలి. పాటల పుస్తకం కూడా ఇవ్వండి. బైబిల్ ఒక్కడే కూర్చుని చదువుకుంటాడు. పాటల పుస్తకం తెరిస్తే చుట్టూ నలుగురు చేరతారు. చాలా జైళ్లలో, ఉచితంగా బైబిళ్లు పంచే గిడియన్స్ సంస్థ వాళ్లు ఇచ్చిన చిన్న 'కొత్త నిబంధన' పుస్తకాలు ముందే ఉంటాయి. కాబట్టి పండగలోపు మీరు ఇవ్వలేకపోయినా కంగారు పడకండి.

క్యాంటీన్ డబ్బు పండగకి ఎక్కువ వేయాలా?

కొంచెం ఎక్కువ వేయండి, మరీ ఎక్కువ వద్దు. లోపల కొనుక్కోవడానికి మనం ఖైదీ పేరున వేసే ఖాతాలో డబ్బు బాగా ఉందని తెలిస్తే అప్పులడిగేవాళ్లు, బెదిరించేవాళ్లు తయారవుతారు. నెలకి ఇంత అని జైలు పరిమితి కూడా ఉంటుంది. పక్కనున్న ఒకరిద్దరికి టీ, బిస్కెట్లు ఇప్పించగలిగేంత ఉంటే చాలు. ములాఖత్‌కి ఎవరూ రాని మనిషి ప్రతి బ్యారక్‌లో ఒకడుంటాడు. 'వాడికి సబ్బు, పేస్టు కొనిపెట్టు' అని మీవాడికి చెప్పి చూడండి. తీసుకునే చేతికి ఒక్కరోజైనా ఇచ్చే పని దొరికితే మనిషి నిటారుగా నిలబడతాడు.

ఉత్తరం రాయాలంటే చేయి ఆడట్లేదు. ఏం రాయాలి?

ఇన్‌లాండ్ లెటర్ కొనండి, రెండున్నర రూపాయలు. డిసెంబర్ 10లోపు పోస్టు చేయండి. ముందు జైలు ఆఫీసులో తెరిచి చదువుతారు, ఆ తర్వాతే చేతికిస్తారు. ఆలస్యమవుతుంది. ఎవరో చదువుతారు కాబట్టి కేసు గురించి, సాక్షుల గురించి, లాయరు చెప్పిన మాటల గురించి ఒక్క ముక్క రాయకండి.

ఇక ఏం రాయాలంటే, చిన్నవి రాయండి. గేదె ఈనిందా, పక్కింటి పిల్ల పెళ్లి కుదిరిందా, చర్చికి సున్నం ఎవరు వేశారు, క్యారల్స్‌కి వచ్చిన కుర్రాళ్లు ఏ పాట తప్పు పాడారు, ఇలాంటివి. మొదటి ఏడు నేను వాక్యాలు వెతికి వెతికి నాలుగు పేజీలు రాశాను. తమ్ముడు తర్వాత నవ్వుతూ చెప్పాడు: 'అక్కా, వాక్యాలు నా దగ్గరున్న బైబిల్లోనే ఉన్నాయి. మన కుక్క బతికే ఉందో లేదో నువ్వు రాయలేదు.' రెండో ఏడు కుక్క గురించి అర పేజీ రాశాను. అది బ్యారక్ మొత్తం చదివిందట.

'నీ వల్ల మేం ఇలా అయ్యాం' అని రాయాలనిపిస్తుంది. కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ మాట ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పండి. ఉత్తరంలో రాస్తే అతను దాన్ని రాత్రిళ్లు మళ్లీ మళ్లీ చదువుకుంటాడు, ఆపడానికి పక్కన మీరుండరు.

క్రిస్మస్‌కి ఖైదీల్ని వదిలేస్తారని విన్నాం, నిజమేనా?

మన దగ్గర శిక్ష తగ్గించి విడుదల చేసేది మామూలుగా జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి జాతీయ దినాలకి. అదీ శిక్ష పడినవాళ్లలో ప్రభుత్వం పెట్టిన షరతులకి సరిపోయినవాళ్లకే. రిమాండ్‌లో ఉన్నవాళ్లకి అది వర్తించదు, వాళ్లకి దారి బెయిలే. 2022 చివరి నాటి జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే గేటు బయట కూర్చున్న మనలో ఎక్కువమందిమి తీర్పు కోసం చూస్తున్నవాళ్లమే. లాయరుకి ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. ఫోన్ నంబర్ 15100. 'పండగకి బయటికి తెప్పిస్తా, ఇంత ఇవ్వండి' అని గేటు దగ్గర తిరిగే బ్రోకర్ల మాట మాత్రం వినకండి.

24న బెయిల్ వచ్చింది. పండగకి ఇంటికి వచ్చేస్తాడు కదా?

రాకపోవచ్చు. ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే చెప్తున్నాను. బెయిల్ ఆర్డర్ రావడం ఒకటి, విడుదల ఇంకొకటి. ష్యూరిటీలు, అంటే జామీను ఉండేవాళ్లు, కోర్టులో నిలబడాలి, వాళ్ల కాగితాలు సరిచూడాలి, విడుదల ఉత్తర్వు జైలుకి చేరాలి, అదీ సాయంత్రం బ్యారక్‌లకి తాళాలు వేసే లోపు. 24 మధ్యాహ్నం ఆర్డర్ వస్తే 26 దాకా ఆగాల్సి రావచ్చు. పిల్లలకి 'నాన్న రేపు వస్తాడు' అని ముందే చెప్పేయకండి. వచ్చాక చెబితే ఆ సంతోషమేమీ తగ్గదు.

## లోపల పండగ

అసలు జైల్లో క్రిస్మస్ చేస్తారా?

చేస్తారు. ఎక్కువ జైళ్లలో బయటి సంఘాల వాళ్లు డిసెంబర్లో అనుమతి తీసుకుని వచ్చి పాటలు పాడి, వాక్యం చెప్పి, కేకు పంచుతారు. మన ఊళ్లలో సెమీ క్రిస్మస్ ఎలా ముందే చేస్తామో లోపల కూడా అలాగే 25కి ముందే అయిపోవచ్చు. జైలు అధికారులు కూడా వచ్చి కూర్చుంటారు, సూపరింటెండెంట్ గారు కేకు కోస్తారు, ఫొటో తీస్తారు. ఆ ఫొటో చూసి 'బాగానే ఉన్నార్లే' అనుకోకండి, 'అంతా నాటకం' అనీ అనుకోకండి. ఆ రెండు గంటలూ మైకులో తెలుగు పాట వినపడితే మనిషి గుండె నిజంగానే తేలికవుతుంది. అసలు పండగ మాత్రం ఆ తర్వాత బ్యారక్‌లో ఐదారుగురు చేరినప్పుడు జరుగుతుంది.

24 రాత్రి 12 గంటల ఆరాధన వాళ్లకి ఉంటుందా?

ఉండదు. పొద్దుగూకే వేళకి లెక్క పెట్టి లాకప్ చేస్తారు, తెల్లవారాకే తీస్తారు. మనం చర్చిలో కొవ్వొత్తులు వెలిగించే సమయానికి వాళ్లు తాళం వెనక ఆరు గంటలుగా ఉంటారు. ఆ రాత్రే అన్నిటికంటే కష్టమని తమ్ముడు చెప్పాడు. దూరంగా ఎక్కడో చర్చి మైకు వినపడుతుంది, టపాకాయలు పేలతాయి, ఎవరూ మాట్లాడరు.

మొదటి ఏడు వాడు దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడట. పక్కన పడుకునే పెద్దాయన, కాకినాడ వైపు మనిషి, చిన్నగా పాట మొదలుపెట్టాడు. గొంతు బాగోదు. రెండో చరణం మరిచిపోయి మొదటిదే మూడుసార్లు పాడాడు. మూడోసారికి అవతలి మూల నుంచి ఒకడు అందుకున్నాడు. వార్డర్ వచ్చి ఊచల దగ్గర నిలబడ్డాడు. ఆపమంటాడేమో అనుకున్నారు. ఆయన అలా నిలబడి విని, 'చాల్లే, పడుకోండిక' అని మెల్లగా చెప్పి వెళ్లాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల మధ్యరాత్రి పాడుతుంటే ఖైదీలు విన్నారని ఉంటుంది. అక్కడ భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఇక్కడ తలుపులు తెరుచుకోలేదు. తమ్ముడు మాత్రం ముసుగు తీశాడు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ రాత్రి ఫలానా సమయానికి ఫలానా కీర్తన మేం చదువుతాం, నువ్వూ చదువు అని ముందే ఉత్తరంలో రాసుకోండి. మేం రాత్రి తొమ్మిదికి పెట్టుకున్నాం.

'సెల్లో కూర్చుని క్రిస్మస్ ఏంటి?' అంటున్నాడు. ఏం చెప్పాలి?

వాదించకండి. బోన్‌హోఫర్ గురించి చెప్పండి, కావాలంటే ఉత్తరంలో రాయండి. డీట్రిచ్ బోన్‌హోఫర్ జర్మనీలో పాస్టర్, హిట్లర్‌ని ఎదిరించినవాడు. 1943 ఏప్రిల్ 5న అరెస్టు చేసి బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో పెట్టారు. పెళ్లి నిశ్చయమై ఉంది. పైనుంచి బాంబులు పడుతున్నాయి. ఆ డిసెంబర్లో అమ్మానాన్నలకి ఉత్తరం రాస్తూ, సత్రంలో చోటు లేక క్రీస్తు పశువుల పాకలో పుట్టాడన్న సంగతి బయటివాళ్ల కంటే ఖైదీకే బాగా అర్థమవుతుందన్నాడు. తన దిగులు తను పడుతూనే, ఆ క్రిస్మస్‌కి తోటి ఖైదీల కోసం ఉదయం, సాయంత్రం చేసుకునే ప్రార్థనలు రాశాడు. మరుసటి క్రిస్మస్ హిట్లర్ రహస్య పోలీసులు గెస్టపో వాళ్ల నేలమాళిగలో గడిచింది. 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు.

చివర ఉరి ఉంది కదా, ఇది ఓదార్పు కథేనా అని ఒకామె నన్ను అడిగింది. నిజమే, అందరికీ చెప్పే కథ కాదు. కానీ 'అంతా మంచే జరుగుతుంది' అన్న మాటని లోపలున్న మనిషి నమ్మడు. తనకంటే చీకట్లో ఉన్నవాడు ఏం చేశాడో చెబితే వింటాడు.

దేవుడి మీద నమ్మకం పోయిందంటున్నాడు. నాకు భయంగా ఉంది.

భయపడకండి, కోప్పడకండి. మత్తయి 11వ అధ్యాయం తీయండి. యేసుకి బాప్తిస్మమిచ్చిన యోహానే చెరసాలలో పడ్డాక శిష్యుల్ని పంపి, 'రాబోయేవాడివి నువ్వేనా, మేం ఇంకొకరి కోసం చూడాలా?' అని అడిగించాడు. యేసు దానికి కోప్పడలేదు. మనుషుల్లో యోహాను కంటే గొప్పవాడు లేడని అందరి ముందూ చెప్పాడు. గమనించారా, యోహాను తన సందేహాన్ని స్నేహితుల చేత పంపాడు. మీవాడు మీతో ఆ మాట అన్నాడంటే మిమ్మల్ని ఇంకా నమ్ముతున్నట్టే. 'నీ తరఫున నేను అడుగుతాలే' అనండి. అప్పటికి అది చాలు.

లోపల స్నేహాలు మంచివి కావని అందరూ అంటున్నారు. ఎవరితో మాట్లాడొద్దని చెప్పనా?

అలా చెప్పకండి. జైల్లో ఒంటరిగా ఉండే మనిషి త్వరగా కుంగిపోతాడు. జాగ్రత్త చెప్పాల్సింది డబ్బు అప్పులు, మత్తు, బయటికి కబుర్లు మోయడం లాంటి వాటి గురించి. మిగతా స్నేహం మందులాంటిదే.

స్టాన్ స్వామి ఫాదర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. జెసూట్ గురువు, 83 ఏళ్లు, పార్కిన్సన్స్ వల్ల చేతులు వణుకుతాయి. భీమా కోరేగావ్ కేసులో 2020 అక్టోబర్లో అరెస్టయ్యారు. ఆ క్రిస్మస్ ముంబై దగ్గరి తలోజా జైల్లోనే గడిచింది. అంతకుముందు కొంతకాలం అదే జైల్లో మన వరవరరావు గారు కూడా ఉన్నారు. ఫాదర్ గారు లోపలి నుంచి రాసిన ఉత్తరంలో తన బాధ రాసుకోలేదు. ఒకరు తనకి అన్నం తినడంలో సాయం చేస్తున్నారని, ఇంకొకరు స్నానం చేయిస్తున్నారని, తనతో ఉన్న ఇద్దరు పేద ఖైదీలు బట్టలు ఉతికి మోకాళ్లు నొక్కుతున్నారని రాశారు. ఆ ఇద్దరి కోసం ప్రార్థన చేయమన్నారు. బెయిల్ రాకుండానే 2021 జూలై 5న చనిపోయారు. కేసు మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండొచ్చు. నాకు గుర్తుండిపోయింది ఆ మోకాళ్లు నొక్కిన ఇద్దరు. వాళ్లెందుకు లోపలున్నారో ఆయన రాయలేదు.

బ్యారక్‌లో అందరూ వేరే మతం వాళ్లే. ప్రార్థన చేసుకుంటే ఏడిపిస్తారా?

ఒకరిద్దరు ఏడిపించేవాళ్లు ఉండొచ్చు. ఎక్కువగా జరిగేది వేరు. రంజాన్‌లో ముస్లిం కుర్రాళ్లు ఉపవాసం విడిచే వేళకి మిగతావాళ్లు నీళ్లు పట్టి పెడతారు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల పక్కన గొంతు తగ్గించి మాట్లాడతారు, క్రిస్మస్‌కి అందరూ వచ్చి బిస్కెట్ కేకు తింటారు. మా తమ్ముడి బ్యారక్‌లో వెండి రంగు బీడీ కాగితాలు, అగ్గిపుల్లలతో నక్షత్రం చేసింది మహబూబ్‌నగర్ వైపు ముస్లిం తాత. ఆయన పూర్వం పెళ్లి పందిళ్లు వేసే పని చేసేవాడట. మీవాడికి ఒకటే చెప్పండి: ప్రార్థన గట్టిగా కాకుండా చేసుకో, పక్కవాడి నిద్ర చెడగొట్టకు.

నిజంగా తప్పు చేసినవాడికి పండగేంటని మా మామగారంటున్నారు. ఏం జవాబు చెప్పాలి?

ఆయన కోపంలో అర్థం ఉంది. అవతల నష్టపోయిన కుటుంబం ఒకటుంటుంది, వాళ్ల ఇంట్లోనూ ఈసారి పండగ లేదు. దాన్ని మరిచిపోయి పాటలు పాడితే అది భక్తి కాదు. కానీ పశ్చాత్తాపపడాలంటే కూడా మనిషికి కాస్త ఊపిరి కావాలి. తప్పు ఒప్పుకున్న ఒక అబ్బాయి, క్రిస్మస్ ప్రార్థనలో తన పేరు కంటే ముందు చనిపోయిన మనిషి పేరు చెప్పి ప్రార్థించమన్నాడు. గదంతా నిశ్శబ్దమైపోయింది. మామగారికి జవాబు చెప్పకండి, వీలైతే ఒకసారి ములాఖత్‌కి వెంట తీసుకెళ్లండి.

'నేను మారిపోయాను' అంటున్నాడు. నమ్మొచ్చా?

సంతోషించండి, ఇంటి తాళాలు మాత్రం అప్పుడే ఇవ్వకండి. మార్పు నిజమైతే మీ అనుమానాన్ని అతను ఓర్చుకుంటాడు. 'నన్ను నమ్మట్లేదు' అని అరుస్తుంటే ఇంకొంత కాలం చూడండి.

## ఇంట్లో పండగ

మేం స్టార్ కట్టుకోవచ్చా? జనం ఏమనుకుంటారు?

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న. కట్టండి. కట్టకపోతే 'చూశారా, సిగ్గుతో కట్టలేదు' అంటారు. కడితే 'చూశారా, సిగ్గు లేకుండా కట్టారు' అంటారు. ఎటూ అంటారు. మొదటి ఏడు మేం కట్టలేదు. అమ్మ వీధి తలుపు కూడా తీయలేదు. క్యారల్స్ వాళ్లు మా ఇల్లు దాటుకుని వెళ్లిపోయారు. ఇబ్బంది పెట్టకూడదని అలా వెళ్లారని తర్వాత తెలిసింది. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

రెండో ఏడు తమ్ముడే ములాఖత్‌లో అడిగాడు: 'స్టార్ కట్టారా?' లేదంటే వాడి ముఖం మాడిపోయింది. వాడి లెక్క ప్రకారం ఇంటి మీద స్టార్ వెలుగుతుంటే ఇంట్లో తనకింకా చోటున్నట్టు. ఆ సాయంత్రమే పాత స్టార్ దులిపి, బల్బు మార్చి కట్టాం. ఒక వైపు కాగితం చిరిగి ఉంది. అలాగే వెలిగింది.

పిల్లలకి ఏం చెప్పాలి?

దుబాయ్ వెళ్లాడనో హాస్టల్లో ఉన్నాడనో చెప్పకండి. బడిలో ఎవరో ఒకరు అసలు సంగతి అనేస్తారు, అప్పుడు మీ మాట మీదా నమ్మకం పోతుంది. ఐదేళ్ల బిడ్డకి ఐదేళ్లకి తగ్గట్టు చెప్పండి: 'నాన్న ఒకచోట ఉన్నాడు, అక్కడినుంచి ఎప్పుడు పంపాలో జడ్జిగారు చెప్తారు. నువ్వేం తప్పు చేయలేదు.' చివరి మాట తప్పకుండా చెప్పండి, ఎందుకంటే పిల్లలు తమవల్లే అనుకుంటారు.

తండ్రి పేరుతో పిల్లలకి గిఫ్ట్ మేమే కొని ఇవ్వొచ్చా? మోసం కాదూ?

తండ్రికి చెప్పి, అతన్నే ఏం కొనాలో అడిగి కొంటే మోసం కాదు. అమెరికాలో మేరీ కే బియర్డ్ అనే ఆవిడ ఒకప్పుడు బ్యాంకులు దోచి జైలుకెళ్లింది. బయటి సంస్థలు క్రిస్మస్‌కి ఇచ్చిన సబ్బులు, టూత్‌పేస్టులు తోటి ఖైదీ తల్లులు వాడుకోకుండా దాచి, చూడటానికి వచ్చిన పిల్లల చేతిలో పెట్టడం అక్కడ చూసింది. విడుదలయ్యాక 1982లో అలబామాలో, ఖైదీల పిల్లలకి వాళ్ల అమ్మానాన్నల పేరు మీదే బహుమతులు అందించే పని మొదలుపెట్టింది. ఇప్పుడది ఏంజెల్ ట్రీ పేరుతో చాలా దేశాల్లో ఉంది. మీ సంఘంలో నాలుగు కుటుంబాలు కలిసినా ఇది చేయొచ్చు. ఒక్క షరతు: బహుమతి మీద ఇచ్చిన సంఘం పేరు ఉండకూడదు, నాన్న పేరే ఉండాలి.

మా అక్క జైల్లో ఉంది, రెండేళ్ల బిడ్డ ఆమె దగ్గరే. బిడ్డకి పండగ చేయనిస్తారా?

ఆరేళ్ల లోపు బిడ్డని తల్లి తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆ పిల్లల తిండి, వైద్యం, చదువు, ఆటల గురించి సుప్రీంకోర్టు 2006లో మార్గదర్శకాలిచ్చింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనే కేసు అది, మన రాష్ట్రం పేరుతోనే ఉంది. బిడ్డకి గౌను, బొమ్మ ఇస్తామని సూపరింటెండెంట్ గారికి ముందుగా తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇవ్వండి. మహిళా జైళ్లలో దీనికి కాదన్నవాళ్లని నేను చూడలేదు. శబ్దం చేసే బొమ్మ వద్దు, పక్క తల్లులు తిట్టుకుంటారు.

చర్చిలో అందరి ముందూ చెప్పి ప్రార్థన చేయించనా?

పాస్టర్ గారికీ, నమ్మకమైన ఒకరిద్దరికీ చెప్పండి. మైకులో వద్దు. ప్రార్థన అంశం వీధి చివరికి వెళ్లేసరికి వార్త అయిపోతుంది. పౌలు తన సంకెళ్లని చూసి సిగ్గుపడని స్నేహితుణ్ణి పేరు పెట్టి గుర్తుచేసుకున్నాడు: ఒనేసిఫోరు. రోమాలో పట్టుదలగా వెతికి మరీ వచ్చాడట. మీకు కావాల్సింది అలాంటి ఒక్క మనిషి. మీతో పాటు జైలు దాకా బస్సులో వచ్చేవాడు.

మావాడు గల్ఫ్ జైల్లో ఉన్నాడు. ఏ దారీ కనపడట్లేదు.

అక్కడి భారత రాయబార కార్యాలయానికి రాయండి, మన విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. పాస్‌పోర్ట్ నంబర్, జైలు పేరు, అరెస్టయిన తేదీ దగ్గర పెట్టుకోండి. మన అధికారులు వెళ్లి ఖైదీని కలిసే వీలు అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఉంది. ఆ ఊళ్లో తెలుగు ప్రార్థన గుంపు ఉంటే వాళ్లని కూడా అడగండి. క్రిస్మస్‌కి ఒక తెలుగు గొంతు ఫోన్‌లో వినిపించినా అది అతనికి ఎన్నో రోజులు తోడుంటుంది.

## పండగ అయ్యాక

క్రిస్మస్ అయ్యాక ఇంకా దిగులుగా ఉన్నాడు. ఎందుకు?

డిసెంబర్ అంతా జనం వస్తారు, పాటలుంటాయి. జనవరిలో ఒక్కరూ రారు. ఆదికాండంలో యోసేపు చెరసాలలో కల అర్థం చెప్పి, బయటికెళ్లాక నన్ను గుర్తుపెట్టుకో అని, రాజుకి ద్రాక్షారసం అందించే పానదాయకుణ్ణి బతిమాలుకున్నాడు. అతను మరిచిపోయాడు, నిండా రెండేళ్లు. అందుకే నేను మా సంఘం వాళ్లతో ఏటా గొడవపడతాను: కేకు డిసెంబర్లో వద్దు, ఫిబ్రవరిలో తీసుకెళ్దాం అని. ఇంకా ఒప్పుకోలేదు.

మీవాడు తిండి మానేసినా, వస్తువులు పంచేస్తున్నా, 'ఇక మీకు భారం కాను' అన్నా ఆ రోజే జైలు అధికారులకి, డాక్టరుకి చెప్పండి. తర్వాత చూద్దాం అనుకోకండి. మీకే నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

లోపల పరిచయమైన స్నేహితుడు బయటికొచ్చాక మా ఇంటికి వస్తానంటున్నాడు. రానివ్వాలా?

ఒక్కసారి పగటి పూట, ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు రమ్మనండి. మనిషిని చూశాక మీకే తెలుస్తుంది. అనుమానం వస్తే మర్యాదగా అక్కడితో ఆపేయండి. అందుకు తప్పుగా అనుకోనక్కర్లేదు.

విడుదలయ్యాక మొదటి క్రిస్మస్. ఎలా చేయాలి?

చిన్నగా చేయండి. చర్చిలో సాక్ష్యం చెప్పమని స్టేజీ ఎక్కించకండి. జనం మధ్యలో ఊపిరాడక మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు, వెంటపడకండి. నిద్రపోయేటప్పుడు లైటు ఆర్పనివ్వకపోవచ్చు, ఎందుకంటే బ్యారక్‌లో రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది.

మా తమ్ముడు వచ్చిన ఏడు, 24 రాత్రి ఆరాధనకి వాడు రాలేదు. తిరిగొచ్చేసరికి వరండాలో స్టార్ కింద కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అవతల కాకినాడ పెద్దాయన, ఆ మధ్యే బెయిల్ మీద వచ్చాడు. ఇద్దరూ ఏదో పాట రెండో చరణం గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నారు. అమ్మ లోపలికెళ్లి పాటల పుస్తకం తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది.